రెండో వరస

ఉబేద్ దుకాణం మీద "ఇచ్చట పియానో నేర్పబడును" అని బోర్డు ఉంటుంది గానీ లోపల పియానో లేదు. ఆ మాటకొస్తే ఖానాపురం హవేలిలో ఎవరింట్లోనూ లేదు. ఉన్నదల్లా ఇనుప స్టాండు మీద ఒక పాత కీబోర్డు, గోడకు ఆనించిన మరో కీబోర్డు, అందులో కొన్ని మెట్లు ఎంత నొక్కినా పలకవు. పియానో అని రాస్తేనే పిల్లల తల్లిదండ్రులు లోపలికి వస్తారని బోర్డు రాసినవాడు సలహా ఇచ్చాడు, ఉబేద్ సరేనన్నాడు. పెళ్లిళ్ల కాలంలో బ్యాండు పార్టీతో కీబోర్డు వాయిస్తూ అటు సత్తుపల్లి నుంచి ఇటు భద్రాచలం దాకా ఊళ్లు తిరగడం, పెళ్లిళ్లు లేనప్పుడు పాఠాలు చెప్పడం, ఇదీ అతని పని.

పాఠాల మీద అతనికి పెద్ద భ్రమలేం లేవు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు గుంపుగా వస్తారు. బళ్లు తెరిచేసరికి ఒకరిద్దరు మిగులుతారు. ఆ మిగిలినవాళ్లు కూడా బయట స్కూటీ మీద వాళ్లమ్మ కూర్చుని ఉంది కాబట్టి మిగులుతారు. నేర్చుకోవాలని నేర్చుకునే మనిషిని ఉబేద్ చూసి చాలా కాలమైంది.

అందుకే, వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం పద్మావతమ్మ కోడలిని వెంటబెట్టుకుని దుకాణం మెట్లెక్కితే, మనవడికో మనవరాలికో అనుకున్నాడు.

"పిల్లలేరమ్మా?" అన్నాడు కుర్చీలు సర్దుతూ.

"పిల్లలు కాదు మాస్టర్. మా అత్తమ్మ నేర్చుకుంటదంట," అంది కోడలు ప్రసూన. చెప్పడానికి ఆమెకే కొంచెం మొహమాటంగా ఉన్నట్టుంది.

ఉబేద్ అప్పుడు సరిగ్గా చూశాడు. అరవై దాటిన మనిషి. మిరప తోటల్లో మొరటెక్కిన చేతులు. మెడ కింద అడ్డంగా కోత మచ్చ. పద్మావతమ్మ అతనికి తెలియని మనిషేం కాదు, ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియని మనిషి కాదు. సద్దుల బతుకమ్మనాడు వాళ్ల వీధిలో ఆమె పాట ఎత్తుకుంటే, మైకు లేకుండా, రెండు వీధుల అవతల దుకాణంలో ఉన్న ఉబేద్‌కు వినిపించేది. పెద్ద పెద్ద స్పీకర్ల మధ్య బతికే అతనికి ఆ గొంతంటే కొంచెం కుళ్లు కూడా ఉండేది. కిందటేడు గొంతులో గడ్డ అని ఆపరేషన్ చేశారు. మనిషి దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడు మాట్లాడితే మాట బదులు గాలి వస్తుంది. దగ్గరగా వంగితే తప్ప వినపడదు.

"పోయినేడు బతుకమ్మకు అత్తమ్మను కుర్చీల కూసోబెట్టిండ్రు," అంది ప్రసూన. "పాట ఎత్తుకునేటోళ్లు లేరని డీజే పెట్టిండ్రు. ఆడోళ్లందరు ఆ డబ్బా మోతకు గుండ్రంగ తిరిగి ఇంటికి పోయిండ్రు. ఒక్కళ్లు నోరు తెర్వలే. ఇంటికొచ్చినంక అత్తమ్మ అన్నం ముట్టలే."

పద్మావతమ్మ కోడలి చెయ్యి పట్టి ఆపింది. ఉబేద్ వైపు వంగి తనే చెప్పింది. "ఈ ఏడు నేను కుర్చీల కూసోను. పాట నేనే ఎత్తుకుంట. గొంతు లేకపోతే ఏంది, ఏళ్లున్నయి గద."

వేళ్లు చూపించింది. ఉబేద్‌కు నవ్వొచ్చింది, గానీ ఆమె మొహం చూశాక నవ్వలేదు. కాదని చెప్పడానికి మంచి కారణాలు వెతుక్కున్నాడు. చివరికి కీబోర్డు ముందున్న కుర్చీని ఆమె వైపు జరిపాడు.

ఆమెకు కావలసింది ఒక్కటే పాట. జూలూరుపాడు అవతల అడవి అంచునున్న పుట్టినూళ్లో వాళ్లమ్మ పాడేదట. పండగకు ఊళ్లోకి వెళ్లే ముందు తంగేడు పువ్వు అడవిని సెలవడిగే పాట. వాయించి చూపించేవాళ్లు లేరు, పాడి వినిపించేందుకు ఆమెకు గొంతు లేదు. ప్రసూన ఫోనులో, ఆమె పాట ఎత్తుకున్న ఒక బతుకమ్మనాడు ఎవరో డాబా మీది నుంచి తీసిన పాత వీడియో ఒకటి దొరికింది. అందులో మాటలు తెలియవు, జనం గోలలో కలిసిపోయాయి. రాగం మాత్రం తెలుస్తుంది. ఉబేద్ దాన్ని పదే పదే విని కీబోర్డు మీద పట్టుకున్నాడు. అతని లెక్కలో చాలా చిన్న పాట. ఒక వరస పైకి పోతుంది, ఇంకో వరస కిందికి దిగుతుంది, అంతే, మళ్లీ మొదటికి. మొత్తం కలిపితే అయిదు మెట్లు దాటదు.

"ఈ అయిదు గుర్తువెట్టుకోమ్మా. మిగతాయన్ని మర్చిపో. అవి చుట్టాలు, ఇయ్యి ఇంటోళ్లు," అన్నాడు.

మర్నాడు పద్మావతమ్మ కొంగు ముడిలోంచి బొట్టుబిళ్లల అట్ట తీసింది. ఉబేద్ ఏమిటని అడిగేలోపలే ఆ అయిదు మెట్ల మీదా ఒక్కో ఎర్ర బిళ్ల అంటించింది. పేరంటానికి పిలిచినట్టు బొట్టు పెట్టిన కీబోర్డును చూసి, వెనక గదిలో గోధుమపిండి కలుపుతున్న ఉబేద్ భార్య షాహీన్ గట్టిగా నవ్వింది. ఆ తర్వాత ఆ బిళ్లలను ఏ పిల్లాడినీ తియ్యనివ్వలేదు ఉబేద్. ఒకటి ఊడితే తనే మళ్లీ నొక్కి అంటించేవాడు.

ఇక ఆమె రావడం చూడాలి. వంట, గిన్నెలు అయిపోయి వీధి కునుకు తీసే వేళకు షేర్ ఆటో దిగేది. భద్రాచలం దగ్గర గోదావరి పొంగి అటు బస్సులు ఆగిపోయిన వారం ఖమ్మంలోనూ ఎడతెరిపి లేని వాన. ఈ రోజు రాదులే అని షట్టరు సగం దించి ఉబేద్ చాప వేసుకున్నాడు. షట్టరు కింద నుంచి తడిసిన కాళ్లు రెండు కనిపించాయి. లేచి షట్టరు ఎత్తాడు. ఆమె గొడుగు దులిపి మూల పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, కీబోర్డు ముందు కూర్చుంది.

వేళ్లు మాత్రం మాట వినేవి కావు. చూపుడు వేలు నొక్కమంటే పక్కదాన్ని తోడు తీసుకెళ్లేది. ఉంగరం వేలు బిగుసుకుపోయి లేచేదే కాదు. పిల్లలైతే ఇలాంటి చోట "నాకు రాదు సార్" అని మొహం ముడుచుకుంటారు. ఈమె ఆ వేలును రెండో చేత్తో పట్టుకుని, అలిగిన పిల్లను బుజ్జగించినట్టు మెల్లగా నిమిరి, మళ్లీ మెట్టు మీద పెట్టేది. ఇంట్లో కీబోర్డు లేదు కాబట్టి మంచం పట్టె మీద, చిక్కుడుకాయల చాట అంచు మీద, ఆటోలో ముందు సీటు రాడ్డు మీద సాధన చేసేదని ప్రసూన చెప్పింది.

"నిన్న దోసెలు పోస్తుంటే గూడ గరిటె పక్కకు పెట్టి గట్టు మీద వాయిస్తున్నది మాస్టర్. దోసె మాడింది. మా మామయ్య ఏమనలే, మాడినదే తిన్నడు."

ఉబేద్ ఆ రాత్రి భోజనం దగ్గర షాహీన్‌తో అన్నాడు, "పాతికేండ్లయింది నేను గీ పని పట్టి. గిసువంటి స్టూడెంటు నాకు రాలే." షాహీన్ అతని కంచంలో ఇంకో రొట్టె వేసి, "నువ్వు గట్ల కూసోని నేర్చుకున్నవా ఎన్నడన్న?" అంది. ఉబేద్ రొట్టె తుంచుకున్నాడు. అతనిది ఎవరో వాయిస్తుంటే పక్కన నిలబడి ఎత్తుకొచ్చిన విద్యే అంతా.

మొదటి వరస తొందరగానే పట్టుబడింది. చిక్కంతా రెండో వరసతో వచ్చింది. ఉబేద్‌కు అర్థం కానిదీ అదే. రెండో వరస నిజానికి తేలిక, ఎక్కిన మెట్లే దిగాలి. అయినా మొదటి వరస చివరి మెట్టు పలకగానే పద్మావతమ్మ చెయ్యి గాల్లోకి లేచిపోయేది. భుజాలు కొంచెం పైకి లేచేవి. అక్కడ ఆగిపోయేది. తర్వాత ఉలిక్కిపడ్డట్టు చెయ్యి దించి, రెండో వరస ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కునేది.

ఇక్కడ ఉబేద్ బ్యాండు బుద్ధి బయటపడింది. ఊరేగింపులో బ్యాండువాడికి నిశ్శబ్దం కన్నా పెద్ద శత్రువు లేడు. ఎదురుగా ఇంకో పెళ్లి ఊరేగింపు వస్తుంటే, ఊపిరంత ఖాళీ దొరికినా అవతలి బ్యాండు మోత ఇవతలికి దూసుకొస్తుంది, వరుడి తరఫువాళ్ల పరువు పోతుంది. అందుకని పాట అయ్యీ అవకముందే ఇంకో పాట అందుకోవడం అతని రక్తంలో ఉంది.

"సందు ఇయ్యొద్దమ్మా," అన్నాడు. "గింత సందిచ్చినా పాట తెగిపోతది. మొదటిది అయ్యిందో లేదో రెండోది పడాలె. చెయ్యి లేపకు."

పద్మావతమ్మ తలూపింది. చెయ్యి లేచింది.

"చెయ్యి, చెయ్యి," అన్నాడు ఉబేద్.

ఆమె సిగ్గుపడి, ఎడమ చేత్తో కుడి మణికట్టును పట్టుకుని కిందికి అదిమి వాయించడం మొదలుపెట్టింది. వానాకాలం సగం ఆ ఒక్క సందు మూయడానికే సరిపోయింది. శ్రావణం వెళ్లింది. వినాయక చవితి పందిళ్లు లేచాయి, వాటి ముందు మోగే పాటల మధ్య కూడా ఆమె వాయించింది. ఒక్కోసారి వరస కుదరక కళ్లలో నీళ్లు తిరిగేవి. తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే మళ్లీ మొదట్నుంచి వాయించాల్సి వస్తుందని వాటిని అలాగే వదిలేసేది. ఉబేద్ చాలాసార్లు గోడ వైపు తిరిగి, పలకని కీబోర్డును తుడుస్తున్నట్టు నటించాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం, ఎందుకో తెలియదు, రెండో వరస వచ్చింది. మొదటిది పైకి వెళ్లింది, చెయ్యి లేవలేదు, రెండోది మెల్లగా కిందికి దిగి మొదటికి కలిసింది. ఆమె ఆపకుండా మళ్లీ వాయించింది. మళ్లీ. షాహీన్ పిండి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. అయ్యాక పద్మావతమ్మ ఉబేద్ వైపు చూసి, చిన్నపిల్లలా, సరిగ్గా ఉందా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

"బండ్ల మీద కరెంటు లైట్లు వెట్టుకోని తిరిగినం గనీ," అన్నాడు ఉబేద్, "నీ అంత నేర్చుకోలేదమ్మా మేము."

సద్దుల బతుకమ్మ రానే వచ్చింది. ముందు రోజు అత్తాకోడళ్లిద్దరూ కొత్తగూడెం బస్సెక్కి వెళ్లి, జూలూరుపాడు అడవి అంచు నుంచి తంగేడు, గునుగు మూటకట్టి తెచ్చారు. సాయంత్రం ఉబేద్ కీబోర్డునూ చిన్న స్పీకరునూ ఆటోలో వేసుకుని వాళ్ల వీధికి వెళ్లాడు. చివరన ఉన్న ఖాళీ ప్లాటును ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గులు పెట్టారు. నడుమ బతుకమ్మలు పచ్చగా, తెల్లగా వరసదీరి ఉన్నాయి. ఒక పక్క ట్రాలీ ఆటో మీద డీజే డబ్బాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

కాలనీ సంఘం చూసుకునే అనిల్‌కుమార్ మంచి కుర్రాడే. "పెద్దమ్మది ఒక్క పాట మాస్టర్, మొదట," అన్నాడు ఉబేద్‌తో మర్యాదగా. "ఆడోళ్లు ఆమె పాటకు ఆడితే మొత్తం ఆమెదే, నాకేం అభ్యంతరం లేదు. ఆడకపోతే మాత్రం డీజే పెడ్త. పండగ సప్పగుండొద్దు గద."

ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కీబోర్డు వెనక వేశారు. పద్మావతమ్మ దాన్ని కాలితో పక్కకు జరిపింది. ఉబేద్ స్టాండు ఎత్తు పెంచాడు. ఆమె నిలబడి, బొట్లు పెట్టిన అయిదు మెట్ల మీద చెయ్యి ఉంచింది.

తప్పు లేకుండా వాయించింది. ఉబేద్ ఊపిరి బిగబట్టి విన్నాడు. మొదటి వరస, రెండో వరస, నడుమ సందన్నదే లేదు, నున్నగా కలిసిపోయాయి. ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ కదిలారు. ఉబేద్‌కు ఛాతీ పొంగింది. పక్కనున్నవాళ్లకు "నా స్టూడెంటు" అని చెప్పుకున్నాడు కూడా.

అప్పుడు ఆడవాళ్ల వైపు చూశాడు. తిరుగుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు, గానీ ఒక్కరి పెదాలు కదలడం లేదు. కొందరు ఫోన్లెత్తి పద్మావతమ్మను వీడియో తీస్తున్నారు. వెనకవాళ్లు ఏదో కబుర్లలో పడ్డారు. ఇద్దరు ఆడపిల్లలు డీజే ఆటో వైపు చూసి నవ్వుకుంటున్నారు. పద్మావతమ్మ వేళ్లు చూసుకోవడం ఎప్పుడో మానేసింది. గుండ్రంగా తన ముందు నుంచి వెళ్లే ఒక్కొక్క నోటినీ చూస్తూ వాయిస్తోంది. ఆమె మొహంలోంచి వెలుగు పోతూ ఉండడం ఉబేద్‌కు కనిపించింది. అంత చక్కగా వాయిస్తున్న మనిషి మొహం అలా ఎందుకు అవుతుందో అతనికి తెలియలేదు.

పాట అయ్యింది. అందరూ ఆగి, స్టేజీ ప్రోగ్రాం అయ్యాక కొట్టినట్టు చప్పట్లు కొట్టారు.

"సూపర్ పెద్దమ్మా," అన్నాడు అనిల్‌కుమార్ నిజంగానే మెచ్చుకుంటూ. డీజే అతనికి చెయ్యూపాడు.

పద్మావతమ్మ అరచెయ్యి ఎత్తి ఆగమంది. మళ్లీ కీబోర్డు మీదికి వంగింది. మొదటి వరస వాయించింది. చివరి మెట్టు పలికింది. చెయ్యి లేచింది.

 అయిపోయింది, మర్చిపోయింది అనుకున్నాడు ఉబేద్. జనం లోంచి మెడ సాచి, వేళ్లు ఆడిస్తూ రెండో వరస మెట్లు చూపించాడు. ఆమె అతని వైపు చూడనేలేదు. లేచిన చేతికి రెండో చెయ్యి కలిపి, తల పైన ఒక్క చప్పట కొట్టింది.

ప్లాటంతా మూగబోయింది. మెయిన్ రోడ్డు మీద ఏదో బస్సు హారను వినిపించింది. పాతికేళ్ల బ్యాండు బతుకులో ఇంత పెద్ద సందు ఉబేద్ ఎప్పుడూ వినలేదు.

ఆమె మళ్లీ మొదటి వరసే వాయించింది. మళ్లీ చెయ్యెత్తింది. మళ్లీ చప్పట.

"పోయిరా పువ్వమ్మ ఉయ్యాలో..."

సన్నటి గొంతు, వణుకుతోంది. ప్రసూన. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఈ వీధిలో ఎవరూ ఆమె పాడగా విన్నది లేదు. తన గొంతుకు తనే జడిసినట్టు ఆమె తల దించుకుంది, గానీ ఆపలేదు. పక్కనున్న ముసలామె అందుకుంది. మూడోసారి పద్మావతమ్మ చెయ్యి లేచేసరికి సగం మంది సిద్ధంగా ఉన్నారు. నాలుగోసారికి అందరూ ఉన్నారు. ఫోన్లు జాకెట్లలోకి, సంచుల్లోకి వెళ్లిపోయాయి, చేతులు ఖాళీ కావాలి కదా. నడుములు ఒక్కసారి వంగాయి, చప్పట్లు ఒక్కసారి పడ్డాయి, పాదాలు ఒక్కసారి కదిలాయి. ఇందాక నడిచినవాళ్లు ఇప్పుడు ఆడుతున్నారు. తంగేడు పువ్వు కీబోర్డు లోంచి సెలవడుగుతోంది, అడవి ఆడవాళ్ల గొంతులతో పోయిరమ్మంటోంది.

డీజే అతను ఏం చెయ్యమంటావన్నట్టు అనిల్‌కుమార్ వైపు చూశాడు. అనిల్‌కుమార్ వద్దని తలూపి, వాళ్లమ్మ ఎక్కడుందో చూసి, ఆమె పాడుతుంటే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

ఉబేద్‌కు అప్పుడు తెలిసింది. అన్నేళ్లు రెండు వీధుల అవతల నుంచి విన్నాడు, డాబా మీది వీడియోలో విన్నాడు. దూరానికి అది ఒక్క పాటలాగే వినిపించింది. దగ్గరికి వస్తే అది ఒకరు అడగడం, అందరూ బదులు చెప్పడం. ఆ బదులు చోటును మూసెయ్యమని సగం వానాకాలం ఆమె మణికట్టును అదిమించింది తనే.

పాట అయ్యి అందరూ చెంగులతో చెమట తుడుచుకుంటుంటే అతను నీళ్ల సీసా పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాడు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. "గంత గోస పడి నేర్చుకున్న వరస, మొత్తం వదిలేసినవ్."

పద్మావతమ్మ రెండు గుక్కలు తాగింది. అతని చెవి దగ్గరికి వంగింది. "నీ తప్పేంది నాయనా. మిషన్ అన్నంక అంత అదే వాయించాలె అనుకున్న నేను గూడ. ఇందాక నేను గూడ ఆ డబ్బా లెక్కనే అయిన." నవ్వింది. "ఆ రెండో వరస నేను జన్మల పాడలే ఉబేదూ. అది వాళ్లది. నేను ఊపిరి తీసుకునే జాగ అది."

ఉబేద్‌కు ఆ భుజాలు గుర్తొచ్చాయి. రోజూ అక్కడికి రాగానే పైకి లేచిన భుజాలు. అన్ని రోజులూ ఆమె ఊపిరి తీసుకుంటుంటే, వద్దు వద్దంటూ వచ్చాడు తను. ఆమె తిరిగిచ్చిన సీసాను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకోపాలి ఎత్తుకో అత్తమ్మా," అని వలయం లోంచి ప్రసూన పిలిచింది. ఈసారి గొంతు వణకలేదు.

పద్మావతమ్మ తిరిగి బొట్టు మెట్ల మీద చెయ్యి పెట్టింది. మొదటి వరస పైకి వెళ్లింది. చెయ్యి లేచింది, భుజాలు లేచాయి. ఆమె నిండా ఊపిరి తీసుకుంటుండగా వీధి మొత్తం రెండో వరస పాడింది. ప్లాటు అంచున, మగవాళ్ల వరసలో నిలబడిన ఉబేద్ కూడా పాడాడు.